ఆటోక్యాడ్‌లో ఫంక్షన్ కీల మార్పు: ఎఫ్1 బెడద, మధ్యలో తెగిపోయే గీతలు

ప్రశ్న: గోడగీత (విజయవాడ)

అందరికీ నమస్కారం. ఒక ఆర్కిటెక్ట్ గారి కార్యాలయంలో నాలుగేళ్లుగా డ్రాఫ్ట్స్‌మన్‌గా పని చేస్తున్నాను. ఇళ్ల ప్లాన్లు, అపార్ట్‌మెంట్ల వర్కింగ్ డ్రాయింగులు, అప్రూవల్ డ్రాయింగులు, కంప్యూటర్‌లో డ్రాయింగులు గీసే ఆటోక్యాడ్ ప్రోగ్రాంలో ఇవే రోజూ చేసే పని. అంతా టూడీయే, త్రీడీ జోలికి మేము పోము. కుడిచేయి మౌసు మీద, ఎడమచేయి కీబోర్డు మీద ఉంటాయి కాబట్టి పై వరుసలోని ఫంక్షన్ కీలను నా పనికి తగ్గట్టు మార్చుకుందామని మొదలుపెట్టాను గానీ సగంలో చిక్కుకుపోయాను.

మొదటి బాధ ఎఫ్1. ఎస్కేప్ కొట్టబోయి వేలు కాస్త పక్కకు జారితే చాలు, హెల్ప్ విండో వచ్చి డ్రాయింగు మీద కూర్చుంటుంది. మా ఆఫీసు నెట్ వేగానికి అది తెరుచుకునేదాకా ఆగి, దాన్ని మూసి, మళ్లీ డ్రాయింగులోకి వచ్చేసరికి ఏ గీత దగ్గర ఆగానో మరిచిపోతున్నాను. రోజుకు ఒకటి రెండు సార్లయితే సరిపెట్టుకోవచ్చు. సాయంత్రంలోగా ప్రింటు ఇవ్వాల్సిన రోజున మాత్రం ఇది పదిసార్లు జరుగుతుంది.

రెండోది ఎఫ్9. ఆర్థో (గీతలు నిలువుగా, అడ్డంగా మాత్రమే వచ్చేలా చేసేది) కోసం ఎఫ్8 నొక్కబోయి దాని పక్కది నొక్కితే గ్రిడ్ స్నాప్ ఆన్ అయి, కర్సర్ సాఫీగా కదలకుండా గెంతులు వేయడం మొదలుపెడుతుంది. కొత్తగా చేరిన ట్రైనీ ఒకరు మొన్న మౌసు పాడైందనుకుని ముందు ప్యాడ్ మార్చారు, తర్వాత మౌసే మార్చారు. అరగంట గడిచాక గానీ, కింద స్టేటస్ బార్‌లో స్నాప్ గుర్తు వెలుగుతోందని మాలో ఎవరమూ గమనించలేదు.

మూడోది నా స్వయంకృతం. ఓస్నాప్ అంటే గీత కొస, మధ్య వంటి బిందువులను కర్సర్ కచ్చితంగా పట్టుకునేలా చేసేది. ఎఫ్4 త్రీడీ ఓస్నాప్‌కు సంబంధించినది కాబట్టి మాకు ఎందుకూ పనికిరాదు. అందుకని సీయూఐలో (కీలను, మెనూలను మార్చుకునే విండోలో) ఒక కొత్త కమాండ్ తయారు చేసి, నాకు రోజూ కావలసిన నాలుగు ఓస్నాప్‌లు మాత్రమే ఆన్ అయ్యేలా విలువ ఇచ్చి, దాన్ని ఎఫ్4కు తగిలించాను. ఏ కమాండూ నడవనప్పుడు నొక్కితే చక్కగా పనిచేస్తోంది. లైన్ గీస్తూ మధ్యలో నొక్కితే మాత్రం ఓస్నాప్ మారుతోంది కానీ, గీస్తున్న లైన్ అక్కడికక్కడే తెగిపోతోంది. ఓస్నాప్ మార్చుకోవలసిన అవసరం వచ్చేదే గీత మధ్యలో కాబట్టి ఈ కీ ఉండీ లేనట్టే అయింది. మాక్రో (కీ నొక్కగానే వరుసగా నడిచే ఆదేశాలు) గడిలో నేను రాసింది ఇది:

^సీ^సీ_ఓస్‌మోడ్;39

(ఇక్కడ తెలుగులో రాశాను. అసలు గడిలో ఇంగ్లీషు అక్షరాలే ఉన్నాయి.)

ఇంకొక సంగతి. మా సిస్టమ్‌ను రెండు షిఫ్టుల్లో ఇద్దరం వాడతాం. రెండో ఆయనకు మామూలు కీలే అలవాటు, నా మార్పుల వల్ల ఆయనకు ఇబ్బంది రాకూడదు. వచ్చే ఏడాది కొత్త వెర్షన్ వేస్తే ఇదంతా మళ్లీ మొదటి నుంచి చేసుకోవాలా అన్నది కూడా తెలుసుకోవాలని ఉంది. పెద్దలు దయచేసి చెప్పగలరు.

జవాబు: స్కేలుబద్ద (హైదరాబాద్)

గోడగీత గారూ, మీ మూడో ప్రశ్నతోనే మొదలుపెడతాను. దాని జవాబు తెలిస్తే మొదటి రెండూ వాటంతట అవే తేలిపోతాయి.

మాక్రో మొదట్లో ఉన్న ^సీ^సీ అంటే ఎస్కేప్‌ను రెండుసార్లు నొక్కినట్టే. సీయూఐలో కొత్త కమాండ్ తయారు చేయగానే ఆ గుర్తులు మాక్రో గడిలో ముందే వచ్చి కూర్చుంటాయి. చాలామంది అవి తప్పనిసరిగా ఉండవలసినవేమో అనుకుని, వాటిని అలాగే ఉంచి పక్కన మిగతాది రాస్తారు. మీరూ అదే చేశారు. లైన్, సర్కిల్, కాపీ వంటి కొత్త పనిని మొదలుపెట్టే కీకి అవి ఉండాలి, ఎందుకంటే అంతకుముందు సగంలో ఉన్న కమాండ్‌ను ముగించి కొత్తది మొదలుపెట్టడమే అక్కడ మనకు కావలసింది. కేవలం ఒక సెట్టింగ్‌ను మార్చే కీకి మాత్రం అవి ఉండకూడదు. వాటిని చెరిపేసి, ముందు ఒక అపాస్ట్రఫీ పెట్టండి:

'_ఓస్‌మోడ్ 39

ఆ చిన్న గుర్తు ముందు ఉంటే ఆటోక్యాడ్ నడుస్తున్న కమాండ్‌ను ఆపకుండా, దాని లోపలే ఈ పని ముగించి, మిమ్మల్ని మళ్లీ మీ గీత కొసకే తెచ్చి వదులుతుంది. వీటినే ట్రాన్స్‌పరెంట్ కమాండ్లు అంటారు. జూమ్, ప్యాన్, సిస్టమ్ వేరియబుల్స్ (ఓస్‌మోడ్ వంటి సెట్టింగులు) ఇలా నడుస్తాయి. కొత్త వస్తువును గీసేవి, ఉన్నదాన్ని మార్చేవి ఇలా నడవవు. అందుచేత మూవ్ కమాండ్ ముందు అపాస్ట్రఫీ పెట్టి ఫలితం కోసం ఎదురుచూడకండి.

మిగతా గుర్తుల సంగతి కూడా చెప్పేస్తాను. సెమికోలన్ అంటే ఎంటర్. ఖాళీ వదిలినా మామూలుగా ఎంటర్ కిందే లెక్క. వెనక్కి వాలిన గీత, అంటే బ్యాక్‌స్లాష్, ఉన్నచోట మాక్రో ఆగి మీరు పాయింట్ క్లిక్ చేసేదాకా ఎదురుచూస్తుంది. అండర్‌స్కోర్ ఉంటే ఏ భాష వెర్షన్‌లోనైనా ఇంగ్లీషు కమాండ్ పేరు పనిచేస్తుంది. కమాండ్ పేరు ముందు అడ్డగీత ఉంటే డైలాగ్ బాక్స్ రాకుండా కమాండ్ లైన్‌లోనే పని జరుగుతుంది. మాక్రో చివర ఎంటర్ తనంతట తానే పడుతుంది కాబట్టి 39 తర్వాత మీరేమీ పెట్టనక్కర్లేదు.

ఇక 39 సంగతి మీకు తెలిసే ఉంటుంది గానీ, ఇది చదివే మిగతావారి కోసం రాస్తున్నాను. ప్రతి ఓస్నాప్‌కూ ఒక అంకె ఉంటుంది. ఎండ్‌పాయింట్ 1, మిడ్‌పాయింట్ 2, సెంటర్ 4, నోడ్ 8, క్వాడ్రంట్ 16, ఇంటర్‌సెక్షన్ 32, ఇన్సర్షన్ 64, పర్పెండిక్యులర్ 128, టాంజెంట్ 256, నియరెస్ట్ 512. మనకు కావలసినవాటిని కూడితే వచ్చేదే ఓస్‌మోడ్‌కు ఇచ్చే విలువ. 1, 2, 4, 32 కూడితే 39 అవుతుంది. గోడలకు లంబంగా గీతలు ఎక్కువగా గీసేవారు 128 కూడా కలిపి 167 పెట్టుకోవచ్చు. నియరెస్ట్‌ను మాత్రం ఎప్పుడూ ఆన్‌లో ఉంచవద్దని నా సలహా. గోడ మూల పట్టుకున్నానని మీరు అనుకుంటారు, నిజానికి మూలకు రెండు మిల్లీమీటర్ల అవతల ఎక్కడో పట్టుకుని ఉంటుంది. ఆ తప్పు హ్యాచ్ వేసేటప్పుడో, ఏరియా తీసేటప్పుడో గానీ బయటపడదు.

ఇప్పుడు అసలు విషయం. ఎఫ్3 నొక్కితే ఓస్నాప్ ఆన్‌లో ఉంటే ఆఫ్ అవుతుంది, ఆఫ్‌లో ఉంటే ఆన్ అవుతుంది. అంటే ఆ కీ ఏం చేస్తుందన్నది అంతకుముందు ఏ స్థితి ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. తొందరలో ఉన్నప్పుడు మనం స్టేటస్ బార్ చూడం, అందుకే ఒకసారి నొక్కి, అనుమానం వచ్చి మళ్లీ నొక్కి, ఉన్నదాన్ని పోగొట్టుకుంటాం. మీ ఎఫ్4 అలాంటిది కాదు. ఓస్నాప్‌ను ఎఫ్3తో ఆపినప్పుడు ఆటోక్యాడ్ ఆ విలువకు లోపల 16384 కలిపి ఉంచుతుంది. మీరు ఎఫ్4 నొక్కి సూటిగా 39 ఇస్తే ఆ కలిపింది పోయి ఓస్నాప్ తిరిగి ఆన్ అవుతుంది, అదీ మీరు ఎంచుకున్న నాలుగింటితోనే. ఎన్నిసార్లు నొక్కినా అదే స్థితి. ఫంక్షన్ కీలను మార్చుకోవడంలో అసలు లాభం ఇక్కడే ఉందని నా అనుభవం: అటూ ఇటూ తిప్పే కీని తీసేసి, ఒకే స్థితికి తెచ్చే కీని పెట్టుకోవడం.

ఇదే పద్ధతి మీ ఎఫ్9కు కూడా సరిపోతుంది. టూడీలో గ్రిడ్ స్నాప్ మీరు వాడటం లేదు కాబట్టి ఎఫ్9కు ఈ మాక్రో ఇవ్వండి:

'_స్నాప్‌మోడ్ 0

అప్పుడు ఎఫ్8 బదులు పొరపాటున ఎఫ్9 నొక్కినా ఏమీ కాదు. ఎవరైనా స్టేటస్ బార్‌లో క్లిక్ చేసి స్నాప్ ఆన్ చేసి ఉంటే, ఆ కీ నొక్కగానే అది ఆగిపోతుంది కూడా.

ఎఫ్1కు ఉత్త ^సీ^సీ చాలు, దాని తర్వాత ఏమీ రాయకండి. దానితో ఎఫ్1 రెండో ఎస్కేప్ అవుతుంది. వేలు ఏ కీ మీద పడినా ఫలితం ఒక్కటే.

చేసే పద్ధతి తెలియనివారికి: కమాండ్ లైన్‌లో సీయూఐ అని కొట్టండి. ఎడమవైపు కింది భాగంలో కమాండ్ లిస్ట్ ఉంటుంది, అక్కడ కొత్త కమాండ్ బొత్తాం నొక్కండి. కుడివైపు ప్రాపర్టీస్‌లో పేరు, మాక్రో రాయండి. తర్వాత ఆ కమాండ్‌ను మౌసుతో పట్టుకుని ఎడమవైపు పైనున్న కీబోర్డ్ షార్ట్‌కట్స్‌లో, షార్ట్‌కట్ కీస్ అన్నదాని మీదికి లాగి వదలండి. అక్కడ దాన్ని ఎంచుకుంటే ప్రాపర్టీస్‌లో కీస్ అనే గడి కనిపిస్తుంది. ఆ గడిలో మూడు చుక్కల బొత్తాం నొక్కి, వచ్చిన చిన్న విండోలో మీకు కావలసిన కీని ఒక్కసారి నొక్కండి. ఆ కీ అప్పటికే వేరేదానికి కేటాయించి ఉంటే అక్కడే కనిపిస్తుంది. అలా కనిపిస్తే పాత కమాండ్ దగ్గరికి వెళ్లి దాని కీస్ గడిని ఖాళీ చేయడం మంచిది, లేకపోతే ఒకే కీ రెండు చోట్ల ఉండి తర్వాత మీకే గందరగోళం అవుతుంది. చివర అప్లై నొక్కడం మరవకండి. ఇదంతా మొదలుపెట్టే ముందు, ఈ మార్పులు చేరే అక్యాడ్.సీయూఐఎక్స్ ఫైలును వేరేచోట కాపీ చేసుకుంటే మనశ్శాంతి.

ఇద్దరు వాడే సిస్టమ్ గురించి: ఆ ఫైలు విండోస్ యూజర్ ఫోల్డర్‌లో ఉంటుంది. మీ ఇద్దరికీ వేర్వేరు విండోస్ లాగిన్‌లు ఉంటే ఇబ్బందే లేదు, ఎవరి ఫైలు వారిదే. ఒకే లాగిన్ అయితే ఆ ఫైలుకు మరో పేరుతో కాపీ తీసి, ఆప్షన్స్‌లో ప్రొఫైల్స్ దగ్గర మీ పేరుతో ఒక ప్రొఫైల్ చేసుకోండి. అది ఎంచుకుని ఉండగా ఫైల్స్ ట్యాబ్‌లో మెయిన్ కస్టమైజేషన్ ఫైల్‌గా మీ కాపీని చూపించండి. మీ డెస్క్‌టాప్ షార్ట్‌కట్ టార్గెట్ చివర /పీ అని, దాని తర్వాత మీ ప్రొఫైల్ పేరు రాస్తే ఆటోక్యాడ్ నేరుగా మీ కీలతోనే తెరుచుకుంటుంది. ఆయన తన షార్ట్‌కట్ నుంచి తెరిస్తే ఆయన కీలు ఆయనకుంటాయి.

జవాబు: కాకతీయ కోణం (వరంగల్)

పై జవాబులో ఉన్నవన్నీ చేసినా కొందరికి కీలు పనిచేయవు, ముఖ్యంగా ల్యాప్‌టాప్ వాడేవారికి. కారణం ఆటోక్యాడ్‌లో ఉండదు, కీబోర్డులో ఉంటుంది. చాలా ల్యాప్‌టాప్‌లలో పై వరుస కీలు నేరుగా నొక్కితే వెలుతురు, శబ్దం పెంచే తగ్గించే పని చేస్తాయి. ఎఫ్ఎన్ కీతో కలిపి నొక్కితేనే అవి ఫంక్షన్ కీలవుతాయి. నేను ఎఫ్8 నొక్కుతూ ఆర్థో ఎందుకు రావడం లేదని ఒక పూటంతా ఆటోక్యాడ్‌ను రెండుసార్లు తీసి వేసుకున్నాను. కొన్ని మోడళ్లలో ఎఫ్ఎన్‌తో కలిపి ఎస్కేప్ నొక్కితే ఇది తారుమారు అవుతుంది. శాశ్వతంగా మార్చాలంటే బయోస్‌లోకి (కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు వచ్చే సెట్టింగుల్లోకి) వెళ్లాలి. ఆ సెట్టింగును హెచ్‌పీలో యాక్షన్ కీస్ మోడ్ అని, లెనోవోలో హాట్‌కీ మోడ్ అని పిలుస్తారు. సీయూఐలో కీ కేటాయించే చిన్న విండోలో మీరు నొక్కిన కీ పేరు పడకపోతే ముందు ఇది చూసుకోండి.

జవాబు: పాత డిజిటైజర్ (విశాఖపట్నం)

స్కేలుబద్ద గారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. అయితే ^సీ^సీ ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేదు కాబట్టి ఆ కొరత నేను తీరుస్తాను. విండోస్‌కు ముందున్న డాస్ మీద ఆటోక్యాడ్ నడిచిన కాలంలో కమాండ్‌ను ఆపాలంటే కంట్రోల్, సీ కలిపి నొక్కేవాళ్లం. టోపీ గుర్తు (^) అంటే కంట్రోల్ కీ అని. విండోస్ వచ్చాక కంట్రోల్ సీ కాపీకి పోయింది, ఆపే పని ఎస్కేప్‌కు వచ్చింది. డాస్‌లో నడిచిన చివరి వెర్షన్ రిలీజ్ 13. 1997లో వచ్చిన రిలీజ్ 14 నుంచి అంతా విండోసే. కీబోర్డు మీద కంట్రోల్ సీ అర్థం మారిపోయినా మాక్రోలలో మాత్రం పాత అర్థమే నిలిచిపోయింది. రెండుసార్లు ఎందుకంటే, డైమెన్షన్ వంటి కమాండ్లలో ఒకసారి ఆపితే లోపలి ప్రశ్న మాత్రమే ఆగేది, పూర్తిగా బయటకు రావడానికి రెండోది కావలసి వచ్చేది.

ఆ రోజుల్లో ఎఫ్1 నొక్కితే హెల్ప్ వచ్చేది కాదు. బొమ్మ తెర నుంచి అక్షరాల తెరకు మారేది. ఈరోజు ఎఫ్2 చేసే పని అది. ఎఫ్7 గ్రిడ్, ఎఫ్8 ఆర్థో, ఎఫ్9 స్నాప్ మాత్రం అప్పటి నుంచి ఇప్పటిదాకా అలాగే ఉన్నాయి. ముప్పై ఏళ్లుగా నా వేలికి ఎఫ్8 అంటే ఆర్థో. అందుకే ఒక మాట గట్టిగా చెబుతున్నాను: ఎఫ్3, ఎఫ్8 జోలికి వెళ్లకండి. రేపు మీరు మరో ఆఫీసుకు మారినా, సైటులో వేరేవారి సిస్టమ్ మీద కూర్చుని సవరణ చేయాల్సి వచ్చినా మీ కీలు మీ వెంట రావు. ఐటీఐలో రెండేళ్ల డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ చదివి వచ్చిన పిల్లలు మీ పక్కన కూర్చుని నేర్చుకునేటప్పుడు, వాళ్లు నేర్చుకున్న కీ ఒకటి, మీ సిస్టమ్‌లో ఉన్నది మరొకటి అయితే ఎవరిని తప్పుపడతాం?

ఇంకా చెప్పాలంటే ఆర్థోకు ఎఫ్8 కూడా ఎప్పుడూ అక్కర్లేదు. గీస్తున్నప్పుడు షిఫ్ట్ పట్టుకుంటే పట్టుకున్నంతసేపే ఆర్థో మారుతుంది, వదిలితే పాత స్థితికి వస్తుంది. స్కేలుబద్ద గారు చెప్పిన అటూ ఇటూ తిప్పే బాధ అందులో లేదు. ఇలాంటివి సీయూఐలో టెంపరరీ ఓవర్‌రైడ్ కీస్ అని వేరే జాబితాగా ఉన్నాయి. షిఫ్ట్, ఈ పట్టుకుంటే ఎండ్‌పాయింట్, షిఫ్ట్, సీ పట్టుకుంటే సెంటర్. ఒకసారి తెరిచి చూడండి.

కమాండ్ల కోసమైతే ఫంక్షన్ కీల కన్నా అలియాస్‌లే మేలని నా అభిప్రాయం. అక్యాడ్.పీజీపీ అనే మామూలు టెక్స్ట్ ఫైలులో ఒక్కో వరుసలో చిన్న పేరు, కామా, నక్షత్రం గుర్తు, అసలు కమాండ్ పేరు రాసి సేవ్ చేసి, రీఇనిట్ కమాండ్‌తో మళ్లీ చదివించాలి. ఎడమచేతి కిందే ఉండే అక్షరాలతో కాపీకి, ట్రిమ్‌కు, ఆఫ్‌సెట్‌కు పేర్లు పెట్టుకుంటే చేయి లేపి పై వరుస దాకా పోవలసిన పని ఉండదు. అయితే పీజీపీతో ఫంక్షన్ కీలను మార్చలేమనీ, నడుస్తున్న కమాండ్ మధ్యలో సెట్టింగ్ మార్చే ఇలాంటి మాక్రోలు అందులో కుదరవనీ ఒప్పుకుంటాను. మీ ఎఫ్4కు సీయూఐయే దారి.

జవాబు: గోడగీత (ప్రశ్న అడిగినవారు)

అందరికీ ధన్యవాదాలు. అపాస్ట్రఫీ పెట్టగానే ఎఫ్4 నేను కోరుకున్నట్టే పనిచేస్తోంది. గీత తెగడం లేదు. నాలుగేళ్లుగా ఆ గుర్తును కమాండ్ లైన్‌లో జూమ్ ముందు చూస్తూనే ఉన్నాను, దాని అర్థం మాత్రం ఈరోజే తెలిసింది. ఎఫ్9 కూడా మార్చాను. మా ట్రైనీ కావాలని పదిసార్లు నొక్కి చూశారు, కర్సర్ గెంతలేదు.

ఎఫ్1తో మాత్రం ఇంకా చిన్న చిక్కు ఉంది. డ్రాయింగులో ఉన్నప్పుడు అది ఎస్కేప్‌లాగే పనిచేస్తోంది. ప్లాట్ డైలాగ్ బాక్స్ తెరిచి ఉన్నప్పుడు గానీ, రిబ్బన్ మీది బొత్తాం దగ్గర కర్సర్ ఆగి దాని వివరణ కనిపిస్తున్నప్పుడు గానీ నొక్కితే పాత పద్ధతిలో హెల్ప్ వస్తోంది. దీనికి మార్గం ఉందా?

లేయర్ల (గోడలు, డైమెన్షన్లు వంటివాటిని విడివిడిగా ఉంచే పొరల) గురించి కూడా ఒకటి అడగాలి. అప్రూవల్ డ్రాయింగులో లేయర్ల పేర్లు నిర్ణయించినట్టే ఉండాలి కదా, వాటిలో మూడు నాలుగింటిని కీలకు పెట్టుకోవచ్చా?

జవాబు: ఐసో వాలా (దోహా)

గోడగీత గారూ, నేను ఇక్కడ పైపింగ్ డ్రాయింగులు చేస్తాను. డైలాగ్ బాక్స్‌లో ఉన్నప్పుడు ఎఫ్1ను ఆ బాక్స్ తానే అందుకుంటుంది, మీ సీయూఐ మాక్రో దాకా అది చేరదు. కాబట్టి కీ ఆటోక్యాడ్‌కు చేరకముందే దాన్ని మార్చాలి. ఉచితంగా దొరికే ఆటోహాట్‌కీ అనే ప్రోగ్రాంతో నేను అదే చేశాను. అందులో రెండు వరుసల స్క్రిప్టు చాలు: అక్యాడ్.ఈఎక్స్ఈ విండో ముందున్నప్పుడు మాత్రమే అని ఒక వరుస, ఎఫ్1 నొక్కితే ఎస్కేప్ పంపు అని రెండో వరుస. మొదటి వరుస తప్పనిసరి. అది లేకపోతే మీ సిస్టమ్‌లో అన్ని ప్రోగ్రాంలలోనూ ఎఫ్1 ఎస్కేప్ అయిపోతుంది. పెద్ద కంపెనీల్లో ఇలాంటివి వేసుకోవడానికి ఐటీ విభాగం అనుమతి కావాలి, అడగకుండా వేయకండి. మాకు అనుమతి రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాలూ ఎఫ్1 కీ మూతను ఊడబీకి డ్రాయరులో దాచుకున్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, పద్ధతుల్లోకెల్లా నమ్మకమైనది అదే.

నాలాంటి వారికి ఒక హెచ్చరిక. టూడీలో పనికిరానివి అంటూ ఎఫ్5ను కూడా కొందరు మార్చేస్తుంటారు. ఐసోమెట్రిక్ (మూడు ముఖాలూ ఒకేసారి కనిపించేలా ఏటవాలుగా గీసే) డ్రాయింగులో ఎడమ, పై, కుడి తలాల మధ్య మారడానికి ఉన్న కీ అదే, మేము దాన్ని రోజుకు వందల సార్లు నొక్కుతాం. ఇళ్ల ప్లాన్లు గీసేవారికి దానితో పని లేకపోవచ్చు గానీ, ప్లంబింగ్ రైజర్ డ్రాయింగు ఒకటి మీ బల్ల మీదికి వస్తే గుర్తుకొస్తుంది. ఎఫ్6 త్రీడీలో వాడే డైనమిక్ యూసీఎస్‌కు ఉంది, అది మాత్రం టూడీ వారికి నిజంగానే ఖాళీ కీ.

మా దగ్గర కొన్ని సిస్టమ్‌లలో ఆటోక్యాడ్ లాంటి మరో ప్రోగ్రాం బ్రిక్స్‌క్యాడ్ ఉంది. అందులో కస్టమైజ్ అని కొడితే వచ్చే విండోలో కీబోర్డ్ ట్యాబ్ ఉంటుంది. ఈ చర్చలో చెప్పుకున్న మాక్రో గుర్తులనే నేను అక్కడా వాడుతున్నాను.

జవాబు: మేడ మెట్లు (అనంతపురం)

ఆటోక్యాడ్ ఎల్‌టీ (ఆటోక్యాడ్‌కు తేలిక రూపం) వాడేవారికి ఇదంతా వర్తిస్తుందా? మా దగ్గర ఉన్నది అదే.

జవాబు: స్కేలుబద్ద (హైదరాబాద్)

మేడ మెట్లు గారూ, వర్తిస్తుంది. ఎల్‌టీలో కూడా సీయూఐ ఉంది, ఫైలు పేరు మాత్రం అక్యాడ్‌ఎల్‌టీ.సీయూఐఎక్స్. ఈ చర్చలోని మాక్రోల్లో లిస్ప్ (ఆటోక్యాడ్‌లో వాడే ప్రోగ్రామింగ్ భాష) లేదు కాబట్టి పాత ఎల్‌టీలోనూ నడుస్తాయి. లిస్ప్ ప్రోగ్రాంలను కీకి తగిలించాలంటే మాత్రం 2024 వెర్షన్ గానీ, దాని తర్వాతది గానీ ఉండాలి.

గోడగీత గారికి లేయర్ల సంగతి. అక్కడ పాత ^సీ^సీ ఉండనివ్వండి. గీత మధ్యలో లేయర్ మార్చడం మంచి అలవాటు కాదు, లేయర్ మార్చాక కొత్త గీత మొదలుపెట్టడమే శుభ్రమైన పని. మాక్రో ఇలా ఉంటుంది:

^సీ^సీ_-లేయర్;_ఎం;వాల్;;

లేయర్ ముందున్న అడ్డగీత వల్ల డైలాగ్ రాదు. ఎం అంటే మేక్. ఆ పేరుతో లేయర్ లేకపోతే తయారు చేసి దాన్నే కరెంట్ చేస్తుంది, ఉంటే ఊరికే కరెంట్ చేస్తుంది. చివర రెండు సెమికోలన్లలో మొదటిది పేరు ముగిసిందని చెప్పడానికి, రెండోది కమాండ్ నుంచి బయటకు రావడానికి. రెండోది మరిచిపోతే పరిస్థితి ఎలా ఉంటుందో పూర్తిగా చెప్పలేను గానీ, కమాండ్ లైన్ చూసి ఎక్కడ ఆగిందో మీరే పోల్చుకోగలరు. ఒక జాగ్రత్త: మేక్‌తో పుట్టిన కొత్త లేయర్ రంగు తెలుపే ఉంటుంది. అప్రూవల్ డ్రాయింగుకు పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చినా, అనుమతి కోసం దాన్ని పంపే పోర్టల్ వేరే లేయరుగా చూస్తుంది. అందుకని ముందు పోర్టల్ వారిచ్చిన టెంప్లేట్‌లోని పేరును కాపీ చేసి మాక్రోలో అతికించండి, చేత్తో టైపు చేయకండి. చేత్తో కొట్టిన పేరులో అండర్‌స్కోర్ బదులు అడ్డగీత పడి, మా ఆఫీసులో ఒక డ్రాయింగు రెండుసార్లు వెనక్కి వచ్చింది.

ఏ కీలు మార్చాలన్న విషయంలో పాత డిజిటైజర్ గారి మాటకే నా ఓటు. లేయర్లకు ఎఫ్6, ఎఫ్7 వాడుకోండి, గ్రిడ్ గీతలు మీరెలాగూ చూడరు. ఇంకా కావాలంటే కంట్రోల్‌తో కలిపిన ఫంక్షన్ కీలు తీసుకోండి. అందులోనూ కంట్రోల్ ఎఫ్4 డ్రాయింగును మూస్తుంది, కంట్రోల్ ఎఫ్6 తెరిచి ఉన్న డ్రాయింగుల మధ్య మారుస్తుంది కాబట్టి ఆ రెండింటినీ వదిలేయండి.

కొత్త వెర్షన్ ప్రశ్నకు జవాబు ఇవ్వడం మరిచాను. మొదటి నుంచి చేసుకోనక్కర్లేదు. మీ సీయూఐఎక్స్ ఫైలు కాపీ ఒకటి పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. కొత్త వెర్షన్‌లో సీయూఐ తెరిచి ట్రాన్స్‌ఫర్ ట్యాబ్‌లో ఒకవైపు కొత్త ఫైలు, మరోవైపు మీ పాత ఫైలు పెట్టి, మీ షార్ట్‌కట్ కీలను మాత్రమే ఇటునుంచి అటు లాగండి. పాత ఫైలును కొత్తదాని స్థానంలో మొత్తంగా పెట్టేస్తే కొత్త వెర్షన్‌లో వచ్చిన రిబ్బన్ బొత్తాలు కనిపించకుండా పోతాయి. ఆ తర్వాత అవి ఏమయ్యాయని వెతుక్కోవలసి వస్తుంది.

జవాబు: గోడగీత (ప్రశ్న అడిగినవారు)

లేయర్ మాక్రోలు రెండూ పెట్టాను, ఎఫ్6కు గోడలు, ఎఫ్7కు డైమెన్షన్లు. ఎఫ్5ను ఐసో వాలా గారి మాట విని ముట్టుకోలేదు. సీయూఐలో కీబోర్డ్ షార్ట్‌కట్స్ అన్నదాన్ని ఎంచుకుంటే కుడివైపు కీలన్నిటి జాబితా, దాన్ని ప్రింటు తీసే బొత్తాం కనిపించాయి. ఆ కాగితాన్ని మానిటర్ కింద అంటించి, నేను మార్చిన ఐదు కీల కింద ఎర్రపెన్నుతో గీత గీశాను. ప్రొఫైల్ కూడా వేరు చేశాను. అయినా నిన్న రెండో షిఫ్టు ఆయన ఆ కాగితం చూసి, ఎఫ్1ది, ఎఫ్9ది తన ప్రొఫైల్‌లో కూడా పెట్టమని అడిగారు. ఆటోహాట్‌కీ కోసం మా ఆర్కిటెక్ట్ గారిని ఇంకా అడగాలి. అప్పటిదాకా ప్లాట్ బాక్స్‌లో ఉన్నప్పుడు ఎస్కేప్ బదులు క్యాన్సిల్ బొత్తాం మీదే క్లిక్ చేస్తున్నాను.